హ్యాచ్‌బ్యాకా, సెడానా, ఎస్‌యూవీయా? భద్రతా నిబంధనలు మలిచిన ఆకారాల్లో మీకు ఏది సరిపోతుంది

పది పన్నెండు లక్షలు పక్కన పెట్టుకుని షోరూంల చుట్టూ తిరిగేవాళ్లను ఇప్పుడు ఎక్కువగా తికమక పెట్టేది మైలేజీ కాదు, ఆకారం. ఆ డబ్బుకు మంచి హ్యాచ్‌బ్యాక్ వస్తుంది, చిన్న సెడాన్ వస్తుంది, నాలుగు మీటర్లలోపు ఎస్‌యూవీ వస్తుంది. ఇంకొంచెం కలిపితే వెనక పైకప్పు వాలుగా దిగే కూపే ఎస్‌యూవీయో, నలుచదరపు జీపులాంటి బండో వస్తుంది. తీరా అన్నీ పక్కపక్కన నిలబెడితే అన్నిటికీ అవే పోలికలు: లేచిన ముక్కు, లావు పిల్లర్లు (పైకప్పును మోసే నిలువు కమ్మీలు), సన్నబడ్డ కిటికీలు, వెనక చిన్న అద్దం. పాత మారుతి 800లో కూర్చుంటే చుట్టూ అద్దమే కనిపించేది, ఇప్పుడు ఆ రెండింతల ధర కార్లో కూడా అది లేదు.

డిజైనర్ల సరదా అందుకు సగం కారణం. మిగతా సగం చట్టం. అన్ని ఆకారాలకూ వర్తించే నిబంధన ఒకటే, కానీ దానికి చెల్లించే మూల్యం ఒక్కో ఆకారంలో ఒక్కో చోట పడుతుంది. ఒకదాంట్లో ముందు చూపు పోతుంది, ఇంకోదాంట్లో వెనక చూపు, మరోదాంట్లో రిపేరు డబ్బులు. మీరు తిరిగే దారుల్లో ఏ లోటుతో సర్దుకోగలరో ముందు తేల్చుకుంటే, ఏ కారు కొనాలో చాలావరకు తేలిపోతుంది.

## ముందు చూడాల్సినవి

ముందు పిల్లర్లు. ఏఐఎస్-098 అనే మన ప్రమాణం ప్రకారం కారును గంటకు 56 కి.మీ. వేగంతో, ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా, నలిగే గుణమున్న అడ్డుగోడకు గుద్దిస్తారు. ఇది 2017 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబర్ నుంచి అమ్మే కార్లన్నిటికీ వర్తించింది. ఒకవైపే తగిలిన ఆ దెబ్బ బలం ముందు పిల్లర్ గుండా పైకప్పులోకి, డోర్ల కింది పట్టీలోకి పాకాలి. పిల్లర్ వంగితే డ్రైవర్ కూర్చున్న చోటు నలిగిపోతుంది. అందుకే అది లావెక్కింది. గుద్దినప్పుడు పక్క కిటికీల మీద తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో పైకప్పు అంచుల వెంట దానికీ చోటు కావాలి. వేడిగా అచ్చుపోసిన గట్టి ఉక్కు వాడితే పిల్లర్‌ను కొంత సన్నగా ఉంచొచ్చు, కానీ ఖర్చు పెరుగుతుంది.

ముందు చూపు మీద ఐక్యరాజ్యసమితి నిబంధన ఒక్కో ముందు పిల్లర్‌కు 6 డిగ్రీల వరకు అడ్డును అనుమతిస్తుంది. వినడానికి చిన్న సంఖ్యే. లెక్క వేస్తే పది మీటర్ల దూరంలో సుమారు మీటరు వెడల్పు మాయమవుతుంది. ఎదురుగా వచ్చే బైకు, దాని మీద మనిషి, ఇద్దరూ అందులో ఇమిడిపోతారు. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి పిల్లర్ కంటికి దగ్గర, అడ్డూ ఎక్కువ. అరకు, శ్రీశైలం ఘాట్లలో కుడి మలుపు తిరిగేటప్పుడూ, ఊళ్లో డివైడర్ దగ్గర యూటర్న్ కొట్టేటప్పుడూ మీరు చూడాల్సిన చోటు సరిగ్గా ఆ పిల్లర్ వెనకే ఉంటుంది.

బానెట్ ముందంచు ఎత్తు. పాదచారుల రక్షణ కోసం వచ్చింది ఏఐఎస్-100. కొత్త మోడళ్లకు 2018 అక్టోబర్, మిగతావాటికి 2020 అక్టోబర్. ఇలాంటి పరీక్షల్లో మనిషి తలను పోలిన గుండ్రటి దిమ్మెలను బానెట్ మీదకు విసురుతారు. పిల్లల తలకు బదులు 3.5 కిలోలది, పెద్దల తలకు బదులు 4.5 కిలోలది, ఐరాస ప్రపంచ నిబంధనలో వేగం 35 కి.మీ. బానెట్ రేకు లోపలికి కుంగి తలను మెల్లగా ఆపాలి. రేకుకూ ఇంజిన్‌కూ మధ్య ఖాళీ లేకపోతే తల ఇనుముకు తగిలినట్టే. సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్ల ఖాళీ కావాలి, కాబట్టి బానెట్ పైకి లేచింది. ప్రమాదంలో బానెట్ వెనకభాగాన్ని పేలుడు మందుతో క్షణంలో ఎత్తే ఏర్పాటు 2005-06 ప్రాంతంలోనే జాగ్వార్ ఎక్స్‌కే లాంటి కార్లలోకి వచ్చింది, కానీ మన బడ్జెట్‌లో దాన్ని ఆశించలేం. బంపర్ మీద పొడుచుకొచ్చే క్రోమ్ ముక్కలు, బానెట్ మీద బొమ్మలు పోయింది కూడా ఇలాంటి నిబంధనల వల్లే. బయటికి పొడుచుకొచ్చే భాగాల అంచు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలని ఐరాస నిబంధన చెబుతుంది.

విచిత్రం ఏమిటంటే, తలను కాపాడటానికి కొంచెం లేచిన బానెట్ ఫ్యాషన్ పుణ్యమా అని మరీ ఎత్తైపోయి మళ్లీ మనిషికే ముప్పు తెచ్చింది. అమెరికాలో రోడ్డు భద్రతను పరిశోధించే ఐఐహెచ్ఎస్ సంస్థ 2023లో ప్రకటించిన అధ్యయనంలో, ముందంచు 40 అంగుళాలు దాటిన బళ్లు పాదచారిని గుద్దినప్పుడు ప్రాణం పోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఉండి ఏటవాలు ముక్కు ఉన్న కార్లతో పోలిస్తే 45 శాతం ఎక్కువని తేలింది. షోరూంకు టేపు తీసుకెళ్లి కొలవండి. 75 సెం.మీ. దగ్గరుంటే మంచిది, మీటరు దాటితే ఆలోచించండి.

కిటికీల కింది గీత, వెనక అద్దం. పక్క నుంచి 50 కి.మీ. వేగంతో 950 కిలోల బండి వచ్చి గుద్దే పరీక్ష ఏఐఎస్-099ది. డోర్‌లో అడ్డకమ్మీలు, గట్టి రేకు, లోతు అందుకే. అయితే గీత వెనక్కి పోయేకొద్దీ పైకి లేవడం మాత్రం చట్టం అడిగింది కాదు, చక్రాలు పెద్దవిగా, బండి బలంగా కనిపించాలన్న కోరిక. 2019 జులై నుంచి రివర్స్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాక వెనక అద్దాన్ని కుదించడానికి డిజైనర్లకు మొహమాటం కూడా పోయింది. కానీ సెన్సార్ సన్నటి ఇనుప కడ్డీని, బంపర్ కన్నా కిందున్న గట్టును తరచు వదిలేస్తుంది. మూత లేని కాలవ గురించి అసలే చెప్పదు.

బంపర్, లైట్లు. ఈ రెండు దగ్గర చట్టానికీ మీ జేబుకూ పడదు. అమెరికాలో 1973 మోడళ్ల నుంచి ముందు బంపర్ గంటకు 5 మైళ్ల గుద్దుడును తట్టుకుని లైట్లను, భద్రతా భాగాలను కాపాడాలన్నారు. అక్కడి కార్లకు దిట్టమైన బంపర్లు మొలిచాయి, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి 1974లో నల్ల రబ్బరు ముట్టె వచ్చింది. పాదచారి మోకాలిని కాపాడాలనే నేటి నిబంధనలు దానికి ఎదురు నడుస్తాయి: బంపర్ మెత్తగా లొంగాలి. అందుకే ఇవాళ మీరు చూసేది ప్లాస్టిక్ తొడుగు మాత్రమే, లోపల ఫోము, దాని వెనక ఉక్కు దూలం. స్కూటర్ హ్యాండిల్ రాసుకున్నా తొడుగు క్లిప్పులు ఊడతాయి. ఇక సన్నటి లైటు పైన, అసలు హెడ్‌లైటు కింద బంపర్‌లో పెట్టే తీరు ఇప్పుడు ఎస్‌యూవీలన్నిటికీ పాకింది. డిప్ లైటు నేల నుంచి 50 సెం.మీ. మొదలుకొని 120 సెం.మీ. లోపు ఉండాలని ఐరాస నిబంధన అంటుంది, ఎత్తైన ముక్కున్న బండిలో కూడా పాత చోటే దానికి సరిపోతుంది. కాబట్టి ఇది చట్టం చేయించిన మార్పు కాదు, ఎల్ఈడీ చిన్నదవడంతో దొరికిన స్వేచ్ఛ.

## నక్షత్రాలు ఆకారానికి రావు

ఎత్తుగా ఉంటే భద్రం అన్న నమ్మకాన్ని షోరూం బయటే వదిలేయాలి. ఎస్‌యూవీలయిన నెక్సాన్ 2018లో, పంచ్ 2021లో, కార్లను గుద్దించి భద్రతకు అయిదు దాకా నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదూ తెచ్చుకున్నాయి, నిజమే. హ్యాచ్‌బ్యాక్ అయిన ఆల్ట్రోజ్ 2020లో, సెడాన్లయిన స్లావియా, వర్టస్, వెర్నా 2023లో, చిన్న సెడాన్ డిజైర్ 2024లో అవే అయిదు తెచ్చుకున్నాయి. మరోవైపు నిటారుగా నిలబడే వ్యాగన్ ఆర్‌ను రెండు ఎయిర్‌బ్యాగులతో 2023లో పరీక్షిస్తే ఒకటే నక్షత్రం వచ్చింది.

2023 అక్టోబర్ 1న మొదలైన మన దేశపు నక్షత్రాల పరీక్ష భారత్ ఎన్‌క్యాప్, ముందు గుద్దుడును 64 కి.మీ. వేగంతో చేస్తుంది. చట్టం అడిగే 56తో పోలిస్తే ఎనిమిదే ఎక్కువ, కానీ గుద్దుడు శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దెబ్బ సుమారు 30 శాతం ఎక్కువ. అదనంగా 29 కి.మీ. వేగంతో కారును పక్కకు జరిపి స్తంభానికి గుద్దించే పరీక్ష ఉంది. ఒక మెలిక గుర్తుంచుకోండి: ఈ నక్షత్రాలు లోపలి మనుషులవి. పాదచారి రక్షణకు ప్రస్తుతం విడిగా మార్కుల్లేవు, మూడు లేదా అంతకన్నా ఎక్కువ నక్షత్రాలు రావాలంటే ఏఐఎస్-100 పాటించి ఉండాలి, అంతే. కాలనీలో పిల్లల మధ్య నడిపే బండికి బానెట్ ఎత్తు మీరే చూసుకోవాలి.

## పక్కపక్కన పెడితే

| ఆకారం | ముందు దగ్గరి చూపు | వెనక చూపు | ఎదుటి మనిషికి ముప్పు | చిన్న దెబ్బకు ఖర్చు |
|---|---|---|---|---|
| హ్యాచ్‌బ్యాక్ | బాగుంటుంది | మధ్యస్థం, మూల పిల్లర్లు లావు | తక్కువ | తక్కువ |
| సెడాన్ | బాగుంటుంది | డిక్కీ చివర కనిపించదు | అన్నిటికన్నా తక్కువ | మధ్యస్థం |
| కాంపాక్ట్ ఎస్‌యూవీ | ముక్కు కింద మరుగు | మధ్యస్థం | ఎక్కువ | లైట్లు కిందుంటే ఎక్కువ |
| కూపే ఎస్‌యూవీ | ఎస్‌యూవీ లాగే | బాగా తక్కువ | ఎక్కువ | ఎక్కువ |
| జీపు తరహా | మూలలు తెలుస్తాయి, మరుగూ ఉంది | స్టెప్నీ అడ్డం | అన్నిటికన్నా ఎక్కువ | మోడల్‌ను బట్టి |

ఇది ఆకారాల సగటు స్వభావం. ఒకే తరగతిలో రెండు మోడళ్ల మధ్య తేడా కొన్నిసార్లు రెండు తరగతుల మధ్య తేడాను మించుతుంది.

## హ్యాచ్‌బ్యాక్

ఇరుకు సందులు, అపార్ట్‌మెంట్ సెల్లార్ల మలుపులు, రోజుకు ముప్పై కిలోమీటర్ల ఊరి ట్రాఫిక్. ఇదే మీ జీవితమైతే ఇంకేదీ వెతకక్కర్లేదు. ముక్కు పొట్టి, అంచు కిందకి, నాలుగు మూలలూ అంచనాకు అందుతాయి. లోటు ఒకటుంది: ముందు అద్దం బాగా వాల్చిన ప్రీమియం హ్యాచ్‌లలో పిల్లర్ రెండుగా చీలి మధ్యలో ముక్కోణపు చిన్న అద్దం వస్తుంది. అది చూపు కోసం పెట్టినట్టు అనిపించినా, దానికీ సైడ్ అద్దం గూటికీ మధ్య పొట్టి మనిషికి మంచి మరుగే ఏర్పడుతుంది. అయిదడుగుల రెండంగుళాల లోపు ఉన్నవాళ్లు సీటు పైకి లేపి, లేపకుండా రెండు విధాలా చూసుకోవాలి. సీటు ఎత్తు మార్చే మీట కింది వేరియంట్లలో ఉండకపోవచ్చు.

## సెడాన్

హైదరాబాద్ నుంచి విజయవాడకు నెలకు రెండుసార్లు తిరిగేవాళ్లకు, వెనక సీట్లో పిల్లల కోసం ఆలోచించేవాళ్లకు సెడాన్‌ను మరిచిపోవడం పొరపాటు. బరువు కేంద్రం కింద ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా గేదె అడ్డొచ్చి స్టీరింగ్ తిప్పినా ఎత్తు బండి కన్నా నిలకడగా ఉంటుంది. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మొదట డిక్కీ నలుగుతుంది. ఏటవాలు ముక్కు కాబట్టి ఎదుటి మనిషికి కూడా కొంత మేలు.

మూల్యం వెనక చెల్లిస్తారు. డిక్కీ మూత ఎత్తు పెరగడంతో దాని చివర ఎక్కడుందో తెలియదు, కెమెరా లేని వేరియంట్ తీసుకోవద్దు. చూపు కింద ఉండటంతో ఎదురొచ్చే ఎస్‌యూవీల లైట్లు సూటిగా కళ్లలో పడతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దిగి ఎక్కడం వాళ్లచేతే చేయించి చూడండి. మిగతా సలహాలన్నీ ఆ ఒక్కదాని ముందు దిగదుడుపు.

నాలుగు మీటర్ల లోపు సెడాన్ల కుదించిన డిక్కీని మాత్రం భద్రత ఖాతాలో వేయకండి. అది పన్ను గీసిన గీత. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4,000 మి.మీ. లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40. గుద్దినప్పుడు నలగడానికి ముందు చోటు తప్పదు, లోపల మోకాళ్లకు చోటు తప్పదు, మిగిలింది డిక్కీయే.

## కాంపాక్ట్ ఎస్‌యూవీ

అమ్ముడుపోతున్నవి ఇవే, కారణాలూ ఉన్నాయి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం నీళ్లు నిలిచే అండర్‌పాసులు, ఊరి పొలిమేరల మట్టి దారి. దూరం చూపు బాగుంటుంది, ఎక్కడం దిగడం తేలిక.

దగ్గరి చూపే సమస్య. నిటారు ముక్కు ముందు మీటరు ఎత్తు పిల్లవాడు, అంటే మూడు నాలుగేళ్లవాడు, నిలబడితే కొన్ని మోడళ్లలో డ్రైవర్‌కు కనిపించడు. గేటు ముందే రోడ్డు, రోడ్డు మీదే ఆట ఉండే కాలనీల్లో ముందు కెమెరా లేదా 360 డిగ్రీల కెమెరా విలాసం కాదు. సన్‌రూఫ్ డబ్బును దానికి మళ్లించండి. రెండో సమస్య బంపర్‌లో కూర్చున్న హెడ్‌లైట్లు. ఎల్ఈడీ యూనిట్ సాధారణంగా మొత్తంగా మార్చాల్సిందే, బల్బు విడిగా దొరకదు. బుక్ చేసే ముందు సర్వీస్ కౌంటర్ దగ్గరికి వెళ్లి ముందు బంపర్, ఒక హెడ్‌లైట్, విండ్‌షీల్డ్, ఈ మూడింటి విడిభాగ ధర రాయించుకోండి. రెండు బళ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఈ చీటీ తేలుస్తుంది. కెమెరా, రాడార్ ఉన్న వేరియంట్లలో అద్దం లేదా బంపర్ మార్చాక వాటిని మళ్లీ సరిచేయాలి, ఆ ఖర్చు కూడా అడగండి.

## కూపే ఎస్‌యూవీ

కర్వ్, బసాల్ట్ లాంటివి. భారత్ ఎన్‌క్యాప్‌లో 2024లో కర్వ్‌కు అయిదు, బసాల్ట్‌కు నాలుగు నక్షత్రాలు, కాబట్టి బలం గురించి బెంగ లేదు. వెనక అద్దమే బెంగ. లోపలి అద్దంలో కనిపించేది సన్నటి చీలిక, వెనక ముగ్గురు కూర్చుంటే అదీ పోతుంది. వాలు అద్దం మీద దుమ్ము, వాన నిలుస్తాయి. వెనక వైపర్ ఉందో లేదో, ఏ వేరియంట్ నుంచి ఉందో చూడండి. ఎక్కువగా ఒంటరిగా నడిపేవాళ్లకు ఈ లోటు పెద్దగా తెలియదు, నిండు కుటుంబంతో తిరిగేవాళ్లకు రోజూ తెలుస్తుంది.

లోపలికి దాక్కునే డోర్ హ్యాండిళ్లు కూడా ఈ కొత్త తరం బళ్లలోనే ఎక్కువ. ప్రమాదం తర్వాత కరెంటు పోతే బయటివాళ్లు తలుపు ఎలా తీస్తారన్నది అసలు ప్రశ్న. చైనా ఇప్పటికే యాంత్రికంగా తెరుచుకునే హ్యాండిల్ ఉండాల్సిందేనన్న దారి పట్టింది. సేల్స్‌మన్‌ను ఒకటే అడగండి: బ్యాటరీ తీసేస్తే బయట నుంచి, లోపల నుంచి డోర్ ఎలా తెరవాలో చూపించమనండి. చూపించలేకపోతే మాన్యువల్ తెప్పించి ఆ పేజీ చదవండి.

## జీపు తరహా

థార్ రాక్స్ 2024లో అయిదు నక్షత్రాలు సాధించాక ఈ ఆకారం మీద పాత అపవాదు కొంత పోయింది. నిటారు అద్దం వల్ల పిల్లర్ కూడా నిటారే, మలుపుల్లో తల కొంచెం కదిపితే దాని వెనక్కి చూడొచ్చు. చదరపు బానెట్ అంచులు కనిపిస్తాయి కాబట్టి బండిని ఇరుకులో ఇమడ్చడం తేలిక. కానీ బయటి మనిషి వైపు నుంచి చూస్తే గోడ లాంటి ముఖం. వెనక స్టెప్నీ అద్దాన్ని మింగేస్తుంది. కొండలు, పొలాలు, ఘాట్లు మీ వారాంతం కాకుండా మీ పని అయితే తీసుకోండి.

ఏడు సీట్ల ఎంపీవీ చూసేవాళ్లకు ఒక్క మాట: చివరి వరుసలో కూర్చున్నవాళ్ల తలకూ వెనక డోర్ అద్దానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో అరచేతితో కొలవండి, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుస దాకా వస్తుందో లేదో బ్రోచర్‌లో చూడండి.

## కొన్నాక చెడగొట్టుకోకండి

ఇంజినీర్లు మెత్తగా చేసిన బంపర్‌కు ఇనుప గార్డు బిగిస్తే చేసిందంతా వృథా. మోకాలికి ఇనుము తగులుతుంది, గుద్దుడు బలం సెన్సార్‌కు చేరే తీరు మారి ఎయిర్‌బ్యాగ్ సమయం తప్పే ప్రమాదమూ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇది చెల్లదని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. పక్క ఎయిర్‌బ్యాగ్ సీటులోనే ఉన్న కారుకు కుట్టు విడిపోని సీటు కవర్ వేయించొద్దు. డ్యాష్‌బోర్డు మీద దేవుడి విగ్రహాన్ని ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ మూత మీద కాకుండా మధ్యలో, తక్కువ ఎత్తుది పెట్టుకోండి. అద్దాల విషయంలో ముందు, వెనక 70 శాతం, పక్కన 50 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది నియమం. ఇప్పటికే సన్నబడ్డ కిటికీకి నలుపు పూస్తే రాత్రి సైడ్ అద్దంలో బైకు కనిపించదు.

## షోరూంలో అరగంట

1. డ్రైవ్ చేసేవాళ్లందరూ వెళ్లండి. ఒక్కొక్కరూ సీటు, అద్దాలు తమకు తగ్గట్టు సర్దుకున్నాకే కొలతలు.
2. హ్యాండిల్ లాగిన ట్రాలీ సూట్‌కేసు దాదాపు మీటరు ఎత్తుంటుంది. దాన్ని ముక్కుకు ఆనించి పెట్టి, హ్యాండిల్ కొన కనిపించేదాకా ముందుకు జరిపిస్తూ పోండి. ఆ దూరం టేపుతో కొలిచి రాసుకోండి. వెనక కూడా అద్దంలోంచి, కెమెరా చూడకుండా.
3. పది మీటర్ల దూరంలో ఒకరిని మీ ముందు నుంచి కుడివైపుకు నడవమనండి. పూర్తిగా మాయమైన అడుగులు లెక్కపెట్టండి. ఒక అడుగు సహజం, రెండు దాటితే ఆ సీటు ఎత్తులో ఆ కారు మీకు కుదరదు.
4. టెస్ట్ డ్రైవ్‌లో ఒక కుడి యూటర్న్, ఒక సెల్లార్ ర్యాంపు తప్పకుండా ఉండాలి. ర్యాంపు ఎక్కేటప్పుడు బానెట్ తప్ప ఏమీ కనిపించకపోతే అదీ రాసుకోండి.
5. వీలైతే చీకటి పడ్డాక వెళ్లండి. డిప్ లైటు ఎంత దూరం పడుతుందో, ఇండికేటర్ పగటి లైటు వెలుగులో కలిసిపోకుండా విడిగా తెలుస్తుందో బయట నిలబడి చూడండి.

మీరు నడిపేది చాలాసార్లు పై వేరియంట్ డెమో కారు. మీ బడ్జెట్ రెండు మెట్లు కిందిదైతే 360 కెమెరా, వెనక వైపర్, అద్దం మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్, సీటు ఎత్తు మీట, రాత్రి వెలుగు తగ్గించే లోపలి అద్దం, ఈ అయిదూ మీ వేరియంట్‌లో ఉన్నాయో లేదో బ్రోచర్‌లో టిక్కు పెట్టించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.